ఎయిర్ చీఫ్ మార్షల్ లతీఫ్: "ఎన్ని విమానాలు కూల్చిండు?" అని అడిగే ముందు ఇది చూడండి

[కెమెరా ముందు నేరుగా. పక్క స్క్రీన్ మీద యూనిఫాంలో లతీఫ్ ఫొటో]

నమస్తే అందరికీ. హనుమకొండలో సైన్యంలో ఆఫీసర్ కావడానికి ఎన్డీఏ పరీక్షకో, వైమానిక దళం ఏఎఫ్‌క్యాట్ పరీక్షకో ప్రిపేర్ అవుతున్న పిల్లల ముందు ఇద్రీస్ హసన్ లతీఫ్ పేరు తీసి చూడండి. తెలిసినవాళ్లు తక్కువ. ఆ తెలిసినవాళ్లు కూడా మొట్టమొదట అడిగేది ఒకటే. "సార్, ఎన్ని విమానాలు కూల్చిండు?"

కూల్చిన లెక్కతో ఆయనకు పేరు రాలేదు అంటే చాలు, పిల్లల మొహంలో ఆసక్తి పోతుంది. "అయితే ఆఫీసులో కూర్చున్నోడా" అంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. పిల్లల మీద కాదు, వాళ్లకు యుద్ధాన్ని క్రికెట్ స్కోరు లెక్క నేర్పినవాళ్ల మీద. హైదరాబాద్‌లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, పద్దెనిమిదేళ్లకే రెండో ప్రపంచ యుద్ధంలో విమానం ఎక్కి, చివరికి భారత వైమానిక దళం మొత్తానికి అధిపతి అయిన మనిషి గురించి మన దగ్గర ఇంత తక్కువ తెలియడం నాకు నచ్చడం లేదు. అందుకే ఈ వీడియో.

స్క్వాడ్రన్ అంటే కలిసి ఎగిరే విమానాల జట్టు, ఫైటర్ గాలిలో తలపడేది, బాంబర్ కింద బాంబులేసేది, ఇవి మీకు తెలుసు. ఇంక వాటి జోలికి పోను. నేరుగా విషయానికి వద్దాం.

[స్క్రీన్ మీద: రామప్ప చెరువు కట్ట, తూము]

ముందు ఒక చెరువు గురించి చెప్తా. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నాట్ల టైంలో నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషి, వచ్చి తూము తెరుస్తడు. నీళ్లు కాలువలోకి ఉరుకుతయి, పొలం తడుస్తది. రైతు కళ్లకు కనపడేది నీరటి ఒక్కడే. అతని పని చిన్నదేం కాదు. అర్ధరాత్రి గండి పడేలా ఉంటే కట్ట మీద నిలబడేది కూడా అతనే. కానీ తూములోంచి నీళ్లు రావాలంటే ముందు చెరువులో నీళ్లుండాలి. నీళ్లుండాలంటే కట్ట ఉండాలి. ఆ కట్ట ఎక్కడ వేయాలి, ఎంత ఎత్తు లేపాలి, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి ఎటు పెట్టాలి, మత్తడి దుంకిన నీళ్లు కింది చెరువులోకి ఎట్లా పోవాలి, ఇవన్నీ ఎవరో, ఎప్పుడో, ఎండాకాలంలో కూర్చుని ఆలోచించి ఉండాలి.

యుద్ధంలో పైలట్ ఆ నీరటి. కమాండర్ చెరువు కట్టించినవాడు. లతీఫ్ జీవితంలో ఈ రెండూ ఉన్నయి. మొదట నీరటి, తర్వాత కట్ట వేసినవాడు. మనం మాత్రం తూము దగ్గర నీళ్లు ఎంత వేగంగా వచ్చినయని అడిగి లేచిపోతున్నం.

[స్క్రీన్ మీద: రెండు రెక్కల వాపిటి విమానం, కరాచీ తీరం]

1923 జూన్ 9న పుట్టారు లతీఫ్. 1942 జనవరిలో వైమానిక దళంలో ఆఫీసర్‌గా కమిషన్ వచ్చింది. మొదటి పోస్టింగ్ కరాచీలో, తీరాన్ని కాపలా కాసే కోస్టల్ ఫ్లైట్‌లో. ఎక్కిన విమానాలు వాపిటి, హార్ట్, ఆడాక్స్. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, ఒకే ఇంజిన్, పైకప్పు లేని కాక్‌పిట్. 1933లో మన వైమానిక దళం మొదలైందే నాలుగు వాపిటిలతో. యుద్ధం వచ్చేసరికి అవి ముసలివైపోయినయి. వాటినేసుకుని అరేబియా సముద్రం మీద శత్రు జలాంతర్గాముల కోసం వెతకాలి. ఇంజిన్ ఆగితే కింద రోడ్డుండదు, చేనుండదు. నీళ్లే.

ఆ డ్యూటీలో రోజుల తరబడి ఏమీ కనపడదు. కనపడకపోవడమే అక్కడ పని జరిగినట్టు. పైన విమానం తిరుగుతుందంటే జలాంతర్గామి నీటిపైకి రావడానికి జంకుతుంది, ఓడలు దాటిపోతయి. దీనికి స్కోరు ఎట్లా వేస్తారు చెప్పండి.

తర్వాత ఆయన్ను ఇంగ్లండ్ పంపారు. అలా వెళ్లిన భారతీయ పైలట్లు కొద్దిమందే. అక్కడ హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాల మీద చేయి తిరిగింది. 1944లో తిరిగొచ్చి బర్మా యుద్ధంలో దిగారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. "ఎన్ని కూల్చిండు" అనే ప్రశ్న తప్పుదోవ పట్టేది సరిగ్గా బర్మా దగ్గరే.

బర్మాలో మన స్క్వాడ్రన్లకు ఎక్కువగా ఇచ్చింది హరికేన్లు, నిటారుగా కిందికి దూకి బాంబులేసే వెంజెన్స్ డైవ్ బాంబర్లు. గాలిలో జపాన్ ఫైటర్లతో తలపడే పని చాలావరకు బ్రిటిష్ స్పిట్‌ఫైర్ స్క్వాడ్రన్లది. మనవాళ్లకు అప్పగించింది నిఘా, కింద ఉన్న సైన్యానికి సాయం. నిఘా అంటే మేఘాల పైనుంచి దర్జాగా ఫొటోలు తీయడం అనుకోకండి. అడవి చెట్ల కొసలు తగిలేంత కిందకి దిగి, దారిలో కొత్తగా తొక్కిన జాడలున్నయా, వాగు మీద వంతెన వేసుకున్నరా, ఎక్కడన్నా పొగ లేస్తుందా అని కంటితో చూడాలి. కింద ఎవరి చేతిలోనన్నా తుపాకీ ఉంటే చాలు, మీరు అందేంత దూరంలోనే ఉన్నరు. చూసింది తప్పు చెప్తే కింద సిపాయిలు చచ్చిపోతరు.

1944లో ఇంఫాల్ చుట్టూ జపాన్ సైన్యం మూసుకొచ్చినప్పుడు అక్కడ ఒకటో నంబర్ స్క్వాడ్రన్‌ను నడిపింది అర్జన్ సింగ్. ఆ పనికే ఆయనకు డీఎఫ్‌సీ, అంటే గాలిలో చూపిన ధైర్యానికి బ్రిటిష్‌వాళ్లు ఇచ్చే పతకం వచ్చింది, అక్కడి మిత్రదేశాల సేనాధిపతి మౌంట్‌బాటెన్ స్వయంగా ఇంఫాల్ వచ్చి తగిలించాడు. 1971 యుద్ధంలో మన చీఫ్‌గా ఉన్న పీసీ లాల్ కూడా బర్మా పైలటే, వెంజెన్స్ మీద. ఆయనకూ డీఎఫ్‌సీయే. ఈ ముగ్గురిలో ఎవరి గొప్పతనమూ కూల్చిన విమానాల లెక్క మీద నిలబడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంద్రలాల్ రాయ్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు 1918 జులైలో రెండు వారాల్లోపే పది విజయాలు సాధించి ప్రాణమిచ్చాడు. ఆయనకు దండం పెడతా. కానీ అందరినీ ఆ గజంబద్దతో కొలవడం అన్యాయం.

[స్క్రీన్ మీద: ముగ్గురి ఫొటోలు. లతీఫ్, అస్గర్ ఖాన్, నూర్ ఖాన్]

బర్మాలో లతీఫ్‌తో కలిసి పనిచేసినవాళ్లలో ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. అస్గర్ ఖాన్, నూర్ ఖాన్. ఒకే యుద్ధం, ఒకే యూనిఫాం, స్నేహితులు. 1947లో దేశం రెండుగా చీలింది. వైమానిక దళం కూడా చీలింది. విమానాలు, స్పేర్ పార్టులు, ట్రక్కులు పంచుకున్నారు. మనుషులు మాత్రం ఎవరికివారు నిర్ణయించుకోవాలి. ముస్లిం ఆఫీసర్లలో చాలామంది పాకిస్తాన్ వైపు వెళ్లారు. ఈ ఇద్దరు స్నేహితులూ ఫోన్ చేసి లతీఫ్‌ను రమ్మన్నారట. తనకు మతం వేరు, దేశం వేరు, రెండింటినీ ముడిపెట్టనని చెప్పి ఆయన ఇక్కడే ఉండిపోయారు.

ఈ మాట పుస్తకంలో ఒక్క లైన్లో అయిపోతుంది. మన తెలంగాణవాళ్లు మాత్రం దీని బరువు సరిగ్గా తూచాలి. 1947 ఆగస్టులో హైదరాబాద్ రాష్ట్రం భారతదేశంలో లేదు. నిజాం ఇంకా చేరలేదు. రజాకార్ల రోజులు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ఊళ్లలో ఏం జరిగిందో మీ ఇంటి పెద్దలను అడిగితే చెప్తరు. 1948 సెప్టెంబర్‌లో ఆపరేషన్ పోలో అనే భారత సైనిక చర్య జరిగి హైదరాబాద్ కలిసేదాకా, అంటే ఏడాదికి పైగా, లతీఫ్ ఎంచుకున్న దేశంలో ఆయన సొంతూరు లేదు!  ఇరవై నాలుగేళ్ల ఆఫీసర్. ఒకవైపు స్నేహితులు పిలుస్తున్నారు, ఇంకోవైపు ఇంటి ఊరు ఎటు పోతుందో తెలియదు. అయినా నిలబడ్డారు. ఒక్క శత్రు విమానాన్ని కూల్చడం కంటే ఇది చిన్న ధైర్యమా?

అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ ఇద్దరూ తర్వాత పాకిస్తాన్ వైమానిక దళానికి అధిపతులయ్యారు. లతీఫ్ మన దళానికి అయ్యారు. బర్మాలో ఒకే పక్షాన ఎగిరినవాళ్లు రెండు దేశాల దళాలను నడిపారు. నాకైతే ఇది ఎన్నిసార్లు చదివినా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

1950 జనవరి 26. దేశం గణతంత్రం అయిన రోజు ఢిల్లీ మీద విమానాల కవాతు. దానికి ముందు నడిచింది లతీఫ్, టెంపెస్ట్ ఫైటర్ల స్క్వాడ్రన్ కమాండర్‌గా. రెండేళ్ల కింద సొంతూరే ఏ దేశానిదో తేలని మనిషి.

[స్క్రీన్ మీద: మళ్లీ చెరువు. ఈసారి గండి పడిన కట్ట]

ఇప్పుడు మళ్లీ చెరువు దగ్గరికి. కట్ట సరిగ్గా లేకుండా వరద వస్తే ఏమైతది? 1965 చూడండి.

సెప్టెంబర్ 1న పాకిస్తాన్ ట్యాంకులు జమ్మూలో ఛంబ్ దగ్గర సరిహద్దు దాటి అఖ్నూర్ వైపు వస్తున్నయి. అర్జన్ సింగ్ అప్పుడు చీఫ్. ఎంతసేపట్లో విమానాలు లేపగలరని రక్షణ మంత్రి చవాన్ అడిగితే గంటలో అన్నారు. పంజాబ్‌లోని పఠాన్‌కోట్‌లో మనవాళ్లు 26 నిమిషాల్లోనే లేచారు. ఇది అందరికీ తెలిసిన కథ, గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. మరి లేచినవి ఏ విమానాలో చెప్పుకున్నామా? మొదట వెళ్లింది వాంపైర్ జెట్లు. 1940లలో గీసిన డిజైన్. ఎదురొచ్చినవి వాటికన్నా మెరుగైన పాకిస్తాన్ సేబర్ జెట్లు. ఆ ఒక్క సాయంత్రమే నాలుగు వాంపైర్లు పోయినయి. నీరటి తన పని ప్రాణం పెట్టి చేశాడు. చెరువులో ఉన్న నీళ్లే అంత.

ఇంకోటి. సెప్టెంబర్ 6న పాకిస్తాన్ సేబర్లు పఠాన్‌కోట్ మీద పడి, నేల మీద నిలబెట్టిన మన విమానాలను తగలబెట్టినయి. కొత్తగా తెచ్చుకున్న మిగ్-21లు కూడా అందులో పోయినయి. మర్నాడు పశ్చిమ బెంగాల్‌లోని కలైకుండలో కూడా అదే జరిగింది. గాలిలో ఓడిపోలేదు, నేల మీద ఆరుబయట నిలబెట్టి పోగొట్టుకున్నాం.

ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నది ఏంటంటే కాంక్రీటు, మట్టి. అవును, కాంక్రీటు, మట్టి! విమానాలను బాంబుల నుంచి కాపాడే బ్లాస్ట్ పెన్‌లు కట్టారు. వరసగా నిలబెట్టకుండా చెదరగొట్టి పెట్టడం అలవాటు చేశారు. దీని మీద ఎవరన్నా రీల్ చేస్తారా? చేయరు. కానీ 1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ మన ఎయిర్‌ఫీల్డుల మీద ఒకేసారి దాడి చేసినప్పుడు నేల మీద మనం పోగొట్టుకున్నది దాదాపు ఏమీ లేదు. రన్‌వేలకు గుంతలు పడ్డాయి, పూడ్చారు. ఆ రాత్రి నుంచే మన విమానాలు ఎదురుదాడికి లేచినయి. పదమూడు రోజుల్లో ఢాకాలో లొంగుబాటు.

1971లో వైమానిక దళ హెడ్‌క్వార్టర్స్‌లో ప్లాన్స్ విభాగం చూసే అసిస్టెంట్ చీఫ్ ఎవరు? లతీఫ్. పిల్లలు "ఆఫీసులో కూర్చున్నోడా" అంటారే, ఆ ఆఫీసు ఇది. రేపటి దళంలో ఎన్ని స్క్వాడ్రన్లుండాలి, ఏ విమానం ఎప్పుడు రిటైర్ కావాలి, దాని స్థానంలో ఏది రావాలి, దానికి పైలట్లను ఎప్పటినుంచి తయారు చేయాలి, డబ్బెంత. ఎండాకాలంలో కట్ట కొలిచే పని.

[స్క్రీన్ మీద: జాగ్వార్, అంబాలా]

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. జాగ్వార్.

1970లలో మన దగ్గర శత్రు భూభాగంలో లోపలికంటా వెళ్లి దెబ్బకొట్టేవి కాన్‌బెర్రాలు, హంటర్లు. రెండూ ముసలివైపోతున్నయి. వాటి బదులు తక్కువ ఎత్తులో, రాడార్‌కు దొరకకుండా, దూరం పోయి తిరిగొచ్చే విమానం కావాలి. ఏళ్లకేళ్లు చర్చ నడిచింది. చివరికి మూడు మిగిలినయి. ఫ్రాన్స్ మిరాజ్ ఎఫ్-1, స్వీడన్ విగెన్, బ్రిటన్-ఫ్రాన్స్ కలిసి చేసిన జాగ్వార్.

విగెన్ మంచి విమానం. కానీ దాని ఇంజిన్‌కు మూలం అమెరికా డిజైన్. కాబట్టి స్వీడన్ అమ్ముతానన్నా అమెరికా ఒప్పుకోవాలి. అమెరికా వద్దంది. అయిపోయింది. చెరువు మీదే, కట్ట మీదే, తూము తాళంచెవి మాత్రం పై ఊరి పటేల్ దగ్గరుంది. మీ పొలం ఎండుతున్నప్పుడు ఆయన ఊళ్లో లేకపోతే ఏం చేస్తరు? విమానం కొనేటప్పుడు వేగం, బాంబుల బరువు చూస్తే సరిపోదు. ఇంజిన్ ఎవరిది, స్పేర్లు ఎవరిస్తరు, యుద్ధం మధ్యలో ఆపేస్తరా, మన దగ్గర తయారు చేయనిస్తరా, ఇవన్నీ చూడాలి. లతీఫ్ 1960ల మొదట్లో వాషింగ్టన్‌లో ఎయిర్ అటాషేగా, అంటే మన రాయబార కార్యాలయంలో వైమానిక దళం తరఫు ఆఫీసర్‌గా పనిచేశారు. ఆయుధాల బజారులో ఏ మాట వెనక ఏ షరతు ఉంటుందో దగ్గర్నుంచి చూసే కుర్చీ అది. అక్కడ కూర్చున్న అనుభవం తర్వాత ఆయనకు అక్కరకు రాలేదంటే నేను నమ్మను.

1978 సెప్టెంబర్ 1న లతీఫ్ చీఫ్ అయ్యారు. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం జాగ్వార్‌ను ఎంచుకుంది. దాని కోసం పట్టుబట్టినవాళ్లలో ఆయన ముఖ్యులు. 1979 జులైలో మొదటి జాగ్వార్లు హర్యానాలోని అంబాలాలో దిగినయి. అవి కూడా మనకోసం కొత్తగా చేసినవి కావు, బ్రిటిష్ వైమానిక దళం దగ్గర అప్పుగా తెచ్చినవి. మన సొంతవి తయారయ్యేదాకా ఆగితే పైలట్ల శిక్షణ ఆలస్యమైతదని. తర్వాత 40 బ్రిటన్‌లో తయారై వచ్చినయి, మిగతావి బెంగళూరులో ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్ చేసింది. మనవాళ్లు దానికి శంషేర్ అని పేరు పెట్టుకున్నారు.

బ్రిటన్ తన జాగ్వార్లను రిటైర్ చేసింది. ఫ్రాన్స్ చేసింది. ఒమన్, ఈక్వెడార్, నైజీరియా, అందరూ ఆపేశారు. ప్రపంచంలో ఇంకా జాగ్వార్‌ను నడిపే దళంగా మిగిలింది మనదొక్కటే. ఎందుకు నడిచింది? ఇక్కడే తయారు చేసుకునే ఏర్పాటు మొదట్లోనే ఉంది కాబట్టి. దారి చూపే వ్యవస్థ పాతబడితే మనవాళ్లే కొత్తది పెట్టుకున్నారు. తర్వాత రాడార్ మార్చుకున్నారు. నాలుగు దశాబ్దాలు దాటింది. పూడిక తీస్తూ, కట్ట గట్టి చేస్తూ పోతే చెరువు ఎన్నాళ్లుంటదో రామప్ప చూసినవాళ్లకు చెప్పాలా? ఆ జాగ్వార్ ఎక్కిన ఈనాటి పైలట్లలో చాలామంది కొనుగోలు నిర్ణయం జరిగేనాటికి పుట్టనేలేదు.

వరంగల్ పక్కన మామునూరు కూడా అంతే కదా. నిజాం కాలంలో వేసిన ఎయిర్‌ఫీల్డ్. సర్వీసులు ఆగి దశాబ్దాలైంది. స్థలం, రన్‌వే మిగిలి ఉన్నయి కాబట్టే 2025లో కేంద్రం విమానాశ్రయానికి మళ్లీ ఆమోదం ఇవ్వగలిగింది. ముందుచూపుతో వేసింది వృథా పోదు. సరే, ఇది వేరే వీడియో.

[ఇక్కడ టైం చూసుకోవాలి. మిగతాది వేగంగా]

టైం అయిపోతుంది, గబగబా చెప్పేస్తా.

చీఫ్‌గా మూడేళ్లు, 1981 ఆగస్టు 31 దాకా. ఆయన కాలంలోనే మిగ్-23లు, మిగ్-25లు ఖరారయ్యాయి. మిగ్-25 అంటే 20 కిలోమీటర్లకు పైన, ధ్వని వేగానికి రెండున్నర రెట్లు మించి పోయే నిఘా విమానం. బరేలీ నుంచి ఎగిరేవి. రిటైర్ అయ్యే ముందు లతీఫ్ దానిలో స్వయంగా ఎగిరారు. 58 ఏళ్ల వయసులో! మొదలైంది పైకప్పు లేని వాపిటితో, ముగిసింది మిగ్-25తో. మధ్యలో 40 ఏళ్లు కూడా లేవు. విమానాల చరిత్ర మొత్తం ఒక్క మనిషి లాగ్‌బుక్‌లో ఉన్నట్టే.

భారత వైమానిక దళానికి అధిపతి అయిన మొదటి ముస్లిం ఆయనే. దీన్ని ఒక్క వాక్యంలోనే చెప్తున్నా, కావాలనే. ఆయన్ను తలుచుకోవడానికి ఇది ఒక్కటే కారణం అయినట్టు కొందరు మాట్లాడతారు. పైన చెప్పిందంతా ఎక్కడ పోయింది మరి?

రిటైర్ అయ్యాక 1982 నుంచి 1985 దాకా మహారాష్ట్ర గవర్నర్. ఆయన భార్య బిల్కీస్ లతీఫ్ రచయిత్రి, ముంబయిలో ధారావి బస్తీలో చాలా పని చేశారు. ఆమె గురించి విడిగా చెప్పాలి, ఇక్కడ ఇరికించి అన్యాయం చేయను.

1985 నుంచి 1988 దాకా ఫ్రాన్స్‌లో మన రాయబారి. ఫ్రాన్స్‌లో చేసిన మిరాజ్-2000 ఫైటర్లు మన దేశంలో మొదటిసారి దిగిందీ 1985లోనే, గ్వాలియర్‌లో. ఒప్పందం ఆయన చీఫ్ పదవి దిగాక, 1982లో జరిగింది. అవి తెచ్చిన ఘనత ఆయనకు కట్టబెట్టను. కానీ ఆ విమానాలు దళంలో కుదురుకుంటున్న మొదటి ఏళ్లలో పారిస్‌లో మన తరఫున కూర్చున్న మనిషికి ఫైటర్ అంటే ఏందో, స్పేర్ పార్టు రాకపోతే ఏమైతదో తెలుసు. 1999లో కార్గిల్ కొండల మీద, 2019లో బాలాకోట్‌లో వాడింది ఆ మిరాజ్‌లే. పై చెరువు మత్తడి దుంకి కింది చెరువు నిండడం అంటే ఇదే.

తర్వాత హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. 2018లో, 94 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.

పరీక్షలకు చదివేవాళ్లకు ఒక మాట. లతీఫ్ తేదీలు నోట్ చేసుకోండి, మంచిదే. ఇంటర్వ్యూలో మీకు నచ్చిన కమాండర్ ఎవరని అడిగితే మాత్రం తేదీలు అప్పజెప్పకండి. జాగ్వార్ ఎందుకు, విగెన్ ఎందుకు కాదు, 1965కూ 1971కీ మధ్య ఎయిర్‌ఫీల్డుల్లో ఏం మారింది, ఈ మూడింటి మీద ఐదు నిమిషాలు మాట్లాడగలిగేలా చదవండి.

వచ్చే వీడియో పీసీ లాల్ మీద. వెంజెన్స్ డైవ్ బాంబర్ దగ్గర మొదలుపెట్టి 1971 దాకా వస్తాం. బ్లాస్ట్ పెన్‌ల సంగతి ఇవాళ హడావిడిగా దాటేశాను, అందులో బొమ్మలు గీసి వివరంగా చెప్తా. ఉంటాను.